పేపర్ కప్పులో టీ

మాది పొదిలి దగ్గర పల్లె, పొగాకు వేస్తాం. పోయిన సీజన్‌లో దగ్గు పట్టుకుంటే, రాత్రుళ్లు పొయ్యి పెట్టి ఆకు ఆరబెట్టే బ్యారన్ కాడ పొగలో కాపలా ఉండేవాడికి దగ్గు రాక ఇంకేమొస్తుందిలే అనుకుని, మెడికల్ షాపులో సిరప్ తెచ్చుకుని రెండు నెలలు లాగించేశాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, నిద్దట్లో చెమటలు పట్టేవి, ప్యాంటు నడుం దగ్గర నిలిచేది కాదు. కళ్లెలో నెత్తురు చార కనబడ్డాక గానీ ఒంగోలు బస్సెక్కలేదు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోమని ఊళ్లో గోడ మీదే రాసుంది, రోజూ ఆ గోడ పక్కనే బండి ఆపేవాణ్ణి.

టీబీ అన్నారు. ఆరు నెలల మందు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, ఆ తర్వాత మూడు రకాలు, అంతా ఉచితమే. తిండికని నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తారు. మొదటిరోజే మూత్రం ఎర్రగా వచ్చేసరికి హడలిపోయాను, అది మాత్ర రంగేనట.

మాత్రలు మింగడం కష్టం కాలేదు. టీ కొట్టుకు పోవడమే కష్టమైంది. ఇన్నేళ్లూ గాజు గ్లాసులో ఇచ్చినవాడు నాకొక్కడికే పేపర్ కప్పు తీశాడు. నన్ను చూసి కుర్రోళ్లు బల్ల మీంచి లేచారు, మర్యాదకు లేచారనుకునేరు! గ్లాసుతో అంటుకోదురా, దగ్గినప్పుడు గాల్లో వస్తుంది, మందు సక్రమంగా వాడితే కొన్ని వారాలకే అంటించే గుణం తగ్గిపోతుంది అని చెబితే ఒక్కడూ వినలేదు.

నేనేం తక్కువ తిన్నానా? మాత్రలు వేసుకున్నానో లేదో చూడ్డానికి ఇంటికొచ్చే ఆశా అమ్మాయిని, నువ్వొస్తే వీధంతా తెలిసిపోతుందని వాకిట్లోనే కసిరాను. మా కూతురి ఈడు పిల్ల. ఏమీ అనలేదు, మర్నాడు చీకటి పడ్డాక వచ్చింది. అట్లా ఎన్ని రోజులు తిరిగిందో! ఆఖరి పరీక్షలో ఏమీ లేదని తేలాక ఆమె ఇంటికెళ్లి తప్పయిందమ్మా అన్నాను.

మొన్న టీ కొట్టతను చీకట్లో మా ఇంటికొచ్చాడు. ‘అన్నా, మా ఇంట్లో ఆమెకు నెల నుంచి దగ్గు, ఎవరికీ చెప్పమాక’ అన్నాడు. పేపర్ కప్పు సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను.

‘పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపల్నించి దగ్గి తీసిన కళ్లె ఇవ్వాలి, ఉత్త ఉమ్ము పనికిరాదు. డబ్బా ఆశా అమ్మాయి ఇస్తుంది, పగలే రమ్మని చెప్తాలే’ అన్నాను.