నలభై వేలు, పది కిలోల ప్లేట్లు: వేళచ్చేరి గదిలో పన్నెండు వారాల ఖాతా

ఇంట్లోనే చిన్న జిమ్ పెట్టుకోవాలి. చెన్నై వేళచ్చేరిలో గది 10 × 11 అడుగులు. రెండో అంతస్తు, అద్దె ఇల్లు. చేతిలో ఉన్నది 40,000. చెయ్యాల్సిన కసరత్తులు ఐదు: స్క్వాట్ (ప్లేట్లు ఎక్కించిన ఇనప కడ్డీని, అంటే బార్‌ను, భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి ఎత్తడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (తల మీదికి లేపడం), రో (వంగి పొట్ట వైపు లాగడం). పక్కన పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. గోడకు డ్రిల్ పెడతామంటే ఓనరు ఒప్పుకోరు.

కిలో పాతదైనా కొత్తదైనా కిలోనే. కాబట్టి ప్లేట్లు సెకండ్‌హ్యాండ్‌వి. మనిషి మీద పడే అవకాశం ఉన్నవి మాత్రం కొత్తవి: బార్, దాన్ని హుక్‌ల మీద ఆనించే స్టాండు, బెంచీ. ఖర్చంతా ఈ లెక్కలోనే నడిచింది.

మొదటి వారం: టేపు, నేల

ముందు చూడాల్సింది ఫ్యాను. అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి బార్‌ను తల మీదికి లేపితే పిడికిలి దాదాపు ఏడడుగుల దగ్గర ఉంటుంది. దానికి పెద్ద ప్లేటు వ్యాసంలో సగం, 22.5 సెం.మీ., కలిపితే ఏడడుగుల తొమ్మిది అంగుళాలు. తొమ్మిదిన్నర అడుగుల సీలింగుకు వేలాడే ఫ్యాను రెక్కకూ దీనికీ జానెడు సందు కూడా మిగలకపోవచ్చు. ప్రెస్ చేసే చోటు ఫ్యాను కింద కాకుండా గోడ వైపుకు మార్చాలి. బీము ఉంటే దాని కింద కూడా కాదు.

శ్లాబు ఆగుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇళ్ళ గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల భారం లెక్కగట్టి కట్టాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. ఈ గది పది చదరపు మీటర్లు. సామానూ మనిషీ కలిపి మూడు వందల పాతిక కిలోలు దాటవు. కాంక్రీటు శ్లాబుకు ఇదో బరువు కాదు. అయితే మైలాపూరు, ట్రిప్లికేన్‌ల పాత ఇళ్ళలో టేకు దూలాల మీద ఇటుక, సున్నం వేసిన మద్రాస్ టెర్రస్ ఉంటుంది. దాని మీద ఈ పని వద్దు, కింది అంతస్తులోనే పెట్టుకోవాలి.

నిలకడగా ఉన్న బరువు ఏమీ చెయ్యదు. పడేసిన బరువే టైలు పగలగొడుతుంది, కింది ఇంటివాళ్ళను పైకి రప్పిస్తుంది. దీనికి పిల్లల గదిలో పరిచే రంగురంగుల ఫోమ్ ముక్కలు పనికిరావు. బరువుకు అవి నొక్కుకుపోయి బెంచీ ఊగుతుంది, స్క్వాట్‌లో మడమ కింద నేల కదులుతుంది. సరిపడేది పశువుల కొట్టంలో పరిచే రబ్బరు మ్యాట్. 6.5 × 4 అడుగులు, 17 మి.మీ. మందం. జిమ్ మ్యాట్ పేరుతో అమ్మేదానికన్నా చవక, గిట్టల కింద ఏళ్ళు నలిగే సరుకు. రెండు కొన్నాం: 4,200. ఒక్కోటి ముప్పై, నలభై కిలోలు తూగుతుంది, ఆటోలో పట్టదు. కుట్టి యానై (చిన్న సరుకు బండి) బాడుగ 800. రబ్బరు కంపు వదలడానికి వారం పాటు మిద్దె మీద నీడలో ఆరబెట్టాలి. సబ్బు నీళ్ళతో రెండుసార్లు కడిగితే వాసన సగం తగ్గుతుంది. గరుకు వైపు కిందికి.

ఖర్చు: 5,000.

రెండో వారం: బార్

డబ్బు తక్కువని ముందు ఐదడుగుల రాడ్డు మీదికి మనసు పోతుంది. పెరియమేడు సైడెన్‌హామ్స్ రోడ్డు షాపుల్లో అది వెయ్యి, పదిహేను వందలకే దొరుకుతుంది. దాని బరువు ఎంతో షాపువాళ్ళనే అడగనక్కరలేదు. ఇనప కమ్మీల లెక్కే దీనికీ వర్తిస్తుంది: వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 28 మి.మీ. రాడ్డు మీటరుకు 4.84 కిలోలు, ఐదడుగులకు 7.4. అదే పది కిలోల రాడ్డు అని అమ్ముతుంటే మిగతా రెండున్నర కిలోలు మాటల బరువు.

అసలు చిక్కు పొడవుతో వస్తుంది. స్టాండు బయటి వెడల్పు 1,200 మి.మీ. ఐదడుగులంటే 1,524. ఒక్కో వైపు మిగిలేది 162 మి.మీ. అందులో కాలర్ (ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పు) పోగా రెండు, మూడు ప్లేట్లకే చోటు. పైగా రాడ్డు కాస్త పక్కకు జరిగితే హుక్ మీద నిలవదు. పూర్తి కొలతల బార్ 2,200 మి.మీ. పొడవు, 20 కిలోలు, పట్టు 28 మి.మీ., ప్లేట్లు ఎక్కే స్లీవ్ 50 మి.మీ., రెండు స్లీవ్‌ల మధ్య దూరం 1,310. స్టాండుకు అటూ ఇటూ 55 మి.మీ. సందు వస్తుంది. ఏడడుగుల బార్‌కు పదకొండు అడుగుల గోడ చాలు. పది అడుగుల వైపు పెడితే ప్లేట్లు మార్చేటప్పుడు మోచేయి గోడకు తగులుతుంది.

పూత సంగతి చెన్నైలో ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. బ్లాక్ ఆక్సైడ్ బార్ పట్టుకు హాయిగా ఉంటుంది, కానీ ఉప్పుగాలికి నిలవదు. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు ఇళ్ళలో అయితే అసలు వద్దు. స్టెయిన్‌లెస్ అన్నిటికన్నా మేలు, ఈ బడ్జెట్‌కు అందదు. మిగిలింది హార్డ్ క్రోమ్. అదే తీసుకున్నాం: 8,500.

కొనేచోటే చెయ్యాల్సిన పరీక్షలు ఉన్నాయి. బార్‌ను ర్యాక్ మీద పెట్టి తిప్పితే స్లీవ్ చివర గుండ్రంగా తిరగాలి. పైకీ కిందికీ ఊగితే బార్ వంగినట్టే. స్లీవ్ చివర సర్‌క్లిప్ (పట్టి ఉంచే స్ప్రింగు రింగు) ఉందా, అలెన్ బోల్టు ఉందా చూడాలి. బోల్టు వాడకంలో వదులై, ఒకరోజు స్లీవ్ మొత్తం జారి వస్తుంది. అలాంటి బార్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మరకు నీలం లాక్‌టైట్ చుక్క వేసి బిగించాలి.

మూడో వారం: ప్లేట్లు

పాత ప్లేట్లు కిలో 90 చొప్పున. మూతపడ్డ జిమ్‌ల సరుకు, ఇళ్ళు మారేవాళ్ళ సరుకు ఎప్పుడూ ఉంటుంది. ముందు అడగాల్సింది రంధ్రం ఎంత అని. రెండంగుళాలదే కావాలి. ఒక అంగుళం రకం అంటూ అమ్మే స్థానిక ప్లేట్ల రంధ్రం చాలావాటికి 30 మి.మీ. ఉంటుంది, 28 రాడ్డు మీద గలగలలాడుతుంది, మన 50 స్లీవ్‌కు ఎక్కనే ఎక్కదు. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి ఎంత చవకైనా వద్దు. సిమెంటు ఇనుముకన్నా మూడు రెట్లు తేలిక, కాబట్టి అంతే బరువుకు ప్లేటు మూడు రెట్లు లావు. స్లీవ్ నిండిపోతుంది, బరువు మాత్రం పెరగదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్ళికరణై మునిగాయి. ఆ నీళ్ళలో నానిన సామాను కూడా చేతులు మారుతుంటుంది. ఇనప ప్లేటుకు వరద వల్ల నష్టమేమీ లేదు, వైరు బ్రష్‌తో గీకి రెడ్ ఆక్సైడ్, నల్ల ఎనామిల్ కొడితే కొత్తది. బార్, బెంచీ అయితే వదిలేయాలి. స్లీవ్ తిరగడానికి లోపల ఉండే బుష్‌లో చేరిన బురద పోదు, ఫోమ్‌లో చేరిన కంపు అంతకన్నా పోదు.

తీసుకున్నవి: 10 కిలోలు రెండు, 5 కిలోలు నాలుగు, 2.5 రెండు, 1.25 రెండు. మొత్తం 47.5 కిలోలు, 4,275 రూపాయలు. ఈ కూర్పుతో 20 నుంచి 67.5 దాకా ప్రతి రెండున్నర కిలోల మెట్టూ దొరుకుతుంది. ఇరవై కిలోల జత ముందే కొంటే గొప్పగా కనిపిస్తుంది, మొదటి రెండు నెలలూ మూల కూర్చుంటుంది.

ఇంటికి తెచ్చాక ప్రతి ప్లేటూ లగేజీ కాటాకు వేలాడదీశాం. పది అని రాసి ఉన్నవి 9.6, 10.3 తూగాయి. అంటే అటూ ఇటూ 700 గ్రాముల తేడా. ఐదు కిలోలవాటిలో బరువైన రెండూ తేలికైన పదితో, తేలికైన రెండూ బరువైన పదితో కలిపితే తేడా 200 గ్రాములకు దిగింది. పెయింటుతో ఎ, బి అని గుర్తు వేశాం. ఎప్పుడూ అదే వైపు ఎక్కించాలి.

నాలుగో వారం: స్టాండు

ఎక్కువ ఆలోచన, ఎక్కువ తప్పులు ఇక్కడే. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఫ్యాబ్రికేషన్‌కు ఇచ్చాం. కూలీ, హుక్‌లు, పెయింటు అన్నీ కలిపి 9,000. కొలతలు: 50 × 50 మి.మీ. చదరపు పైపు, 3 మి.మీ. మందం. నిలువు స్తంభాలు రెండు, 1.8 మీటర్లవి. అడుగు కాళ్ళు రెండు, 1.2 మీటర్లవి. వెనక అడ్డపట్టీలు రెండు. సేఫ్టీ ఆర్మ్‌లు (బార్ జారితే ఆపే చేతులు) అర మీటరువి. రంధ్రం 17 మి.మీ., పిన్ను 16. మెట్లపై తిప్పడానికి వీలుగా అడ్డపట్టీలు వెల్డింగు కాకుండా బోల్టులతో.

రంధ్రాల మధ్య దూరం అంతటా 50 మి.మీ. పెడితే బెంచ్ ప్రెస్ దగ్గర దెబ్బతింటాం. ఆర్మ్ ఒక రంధ్రంలో ఛాతీకి అడ్డం వస్తుంది, కింది రంధ్రంలో బార్ మెడ మీదికే దిగుతుంది. నేల నుంచి 550 నుంచి 800 మి.మీ. ఎత్తు మధ్య 25 మి.మీ. దూరంతో రంధ్రాలు వేయించాలి. ఛాతీ పైకి లేపి పడుకుంటే బార్ ఛాతీకి తగలాలి, ఛాతీ దించేస్తే బార్ ఆర్మ్‌ల మీద ఆగాలి. ఖాళీ బార్‌తో ఈ పరీక్ష చేశాకే ప్లేటు ఎక్కించాలి. ఆర్మ్‌లు లేని స్టాండు మీద ఒంటరిగా బెంచ్ చేసేవాళ్ళు కనీసం ప్లేట్లకు క్లిప్పులు పెట్టకూడదు. బార్ లేవకపోతే ఒక వైపు వంచి ప్లేట్లు జార్చేయవచ్చు.

పైపు 3 మి.మీ. అని చెప్పి 2 వాడటం మామూలే, పెయింటు పడ్డాక కంటికి తెలియదు. లగేజీ కాటాకు తెలుస్తుంది. 1.8 మీటర్ల స్తంభం 3 మి.మీ. అయితే ఏడున్నర కిలోలకు కాస్త పైన, 2 మి.మీ. అయితే ఐదున్నర లోపు. కోత అయ్యాక, వెల్డింగుకు ముందే తూచాలి. వెల్డింగు వేడికి ఫ్రేము మెలితిరుగుతుంది కాబట్టి మూల నుంచి ఎదురు మూలకు రెండు కొలతలూ టేపుతో చూసుకోవాలి, 3 మి.మీ. మించి తేడా ఉంటే వెనక్కి. హుక్‌లో రబ్బరు పట్టీ అతికించకపోతే నెలలో బార్ నర్లింగు (పట్టు కోసం చెక్కిన గరుకు గీతలు) అరుగుతుంది. పైపు చివర్లకు ప్లాస్టిక్ మూతలు తప్పనిసరి, లేకపోతే బొద్దింకలు కాపురం పెడతాయి.

ఐదో వారం: బెంచీ, మొదటి సెట్లు

మడిచే బెంచీ కాదు, ఫ్లాట్ బెంచీ: 3,800. ఎత్తు 43 సెం.మీ., వెడల్పు 30. ఇరవై ఐదు సెం.మీ. వెడల్పువి చాలా అమ్ముతారు, వాటి మీద భుజం ఎముకలకు ఆనిక ఉండదు. వాలు మార్చే బెంచీ ఈ ధరలో దొరుకుతుంది, కానీ సీటుకూ వీపుకూ మధ్య సందు, కీలు దగ్గర ఊగుడు కూడా దాంతోపాటే వస్తాయి.

డెడ్‌లిఫ్ట్‌కు ఒక సర్దుబాటు. ప్రామాణిక ప్లేటు వ్యాసం 450 మి.మీ., బార్ నేలకు 22.5 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. మన పది కిలోల ఇనప ప్లేటు 28 సెం.మీ. మాత్రమే, బార్ 14 దగ్గరే ఆగుతుంది. అంత కిందికి వంగితే నడుం గుండ్రమవుతుంది. 19 మి.మీ. ప్లైవుడ్ తుక్కు ముక్కలు, అడుగు చదరం, వైపుకు నాలుగు చొప్పున కలిపి మేకులు కొట్టాం. ప్లేట్లు దొర్లకుండా అంచుకు బీడింగ్. 400 రూపాయలు.

స్క్వాట్ 30 కిలోలతో మొదలు, వారానికి మూడుసార్లు, ప్రతిసారీ 2.5 పెంపు. డెడ్‌లిఫ్ట్ 40తో, వారానికి ఒకసారి, 5 పెంపు. ఓవర్‌హెడ్ ప్రెస్ మాత్రం ఈ వేగానికి ఒప్పుకోదు. మొదలుపెట్టిన నాలుగో వారానికే ఆగుతుంది, తర్వాత కిలో చొప్పునే పెంచాలి. అర కిలో బరువుండే మణికట్టు పట్టీలు బార్‌కు రెండు వైపులా చుడితే సరిపోతుంది.

పదో వారం: ఇంకో నలభై కిలోలు

స్క్వాట్ 67.5 చేరింది, డెడ్‌లిఫ్ట్ 65. ఇనుము అయిపోయింది. ఇరవై కిలోల జత, పాతది: 3,600. ఇప్పుడు సామర్థ్యం 107.5. ఈ ప్లేట్లు 42 సెం.మీ. వ్యాసం ఉన్నాయి కాబట్టి ప్లైవుడ్ నాలుగు పొరల్లో మూడు తీసేయాలి.

చిల్లర ఖర్చులు: కాలర్లు 600, లగేజీ కాటా 500, నైలాన్ బ్రష్, నూనె 250, స్కిప్పింగ్ తాడు 250. బార్ ప్లేట్లే ఎక్కే డంబెల్ హ్యాండిళ్ళ జత 2,400.

ట్రెడ్‌మిల్ అడిగేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మోటారు మీద రాసిన హార్స్‌పవర్ చాలాసార్లు గరిష్ఠానిది, నిలకడగా ఇచ్చేది అందులో కొంతే. బెల్టు కింద సిలికాన్ నూనె వెయ్యకపోతే ముందు బెల్టు, తర్వాత మోటారు పోతాయి. మైలాపూరు లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది, నడకకు టికెట్ లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదున్నది. మొదటి స్క్వాట్ మర్నాడు అవసరమయ్యే అమృతాంజనం కూడా ఆయన చలవే.

పన్నెండో వారం: తుప్పు

ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి క్రోమ్ మీద, నర్లింగు గాడుల్లో గోధుమరంగు చుక్కలు. కారణం గాలి ఒక్కటే కాదు. చేతికి రాసిన సుద్ద తేమ పట్టి అక్కడే కూర్చుంటుంది. రోజూ సెట్లు అయ్యాక పొడి బ్రష్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు గుడ్డకు పూసి తుడవాలి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో మళ్ళీ. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కట్టి దుమ్ము పడుతుంది. స్లీవ్ సందులో రెండు చుక్కలు వేసి తిప్పాలి. బార్‌ను నిలువుగా మూలకు ఆనిస్తే నూనె, చెమట కింది బుష్‌లోకి దిగుతాయి, అడ్డంగా హుక్‌ల మీదే ఉండనివ్వాలి. మ్యాట్ అంచులు నెలకోసారి ఎత్తి కింది టైలు తుడవాలి, చెమ్మ అక్కడే దాక్కుంటుంది.

మొత్తం ఖర్చు 38,575. మిగిలిన 1,425లో 300 వచ్చే నెల ఎనామిల్ డబ్బాకు పోతుంది, స్టాండు అడుగు కాళ్ళ వెల్డింగు దగ్గర పెయింటు అప్పుడే పొక్కింది.