అమ్మ కోసం పాత కారు కొన్నప్పుడు: ధరా, భరోసానా?

గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మను నెలనెలా హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాలి. మాది దేవరకొండ దగ్గర పల్లె. కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వంద కిలోమీటర్లు దాటుతుంది. బస్సులో అంతసేపు అమ్మ కూర్చోలేదు. ప్రతిసారీ కిరాయి కారంటే మా వల్ల కాదు. కొత్త కారు కొనే తాహతు లేదు. చేతిలో ఉన్నవి మూడున్నర లక్షలు, అందులోనే బండి, కాయితాలు, రిపేర్లు అన్నీ అయిపోవాలి.

ముందు చూసింది హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గరి డీజిల్ సెడాన్. 2016 మోడల్, ఢిల్లీ నంబరు, రెండు లక్షల అరవై వేలు. "బావా, ఈ రేటుకు ఇసొంటి బండి మళ్ల దొరకది, బయానా ఇచ్చేద్దాం" అని మా బామ్మర్ది ఒకటే తొందర. అంత చవకకు కారణం ఉంది. ఢిల్లీ పరిధిలో పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. దాంతో గడువు దగ్గర పడ్డ బండ్లను అక్కడివాళ్లు వచ్చిన ధరకు వదిలించుకోవడం మొదలైంది. కాబట్టి చవకగా వచ్చిందని బండిని అనుమానించక్కర్లేదు. కానీ ఇక్కడ నడపాలంటే ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాయితం) రావాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు లెక్కేస్తే చవక చాలావరకు అక్కడే పోయింది.

అయినా ఒకసారి చూద్దామని మా ఊరి మెకానిక్ అన్నను వెంట తీసుకెళ్లాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టును చివరిదాకా లాగాడు. పైనంతా శుభ్రంగా ఉంది, చివరి జానెడులో మాత్రం ఎండిన బురద చార. తర్వాత ముందు సీటు కింద మ్యాట్ ఎత్తి, పట్టాల బోల్టులు చూపించాడు. తుప్పు పట్టి ఉన్నాయి. "నీళ్లల్ల మునిగిన బండి తమ్మీ. ఇయ్యాల మంచిగనే నడుస్తది. లోపల వైర్లు ఖరాబైనంక యాడ ఆగుతదో ఎవ్వలు చెప్పలేరు" అన్నాడు. అమ్మను పడుకోబెట్టుకుని రాత్రిపూట మాల్ దాటి వస్తుంటే ఆగిపోయే బండి ఉచితంగా ఇచ్చినా నాకొద్దు. బామ్మర్ది కూడా ఇంక మాట్లాడలేదు.

రెండోది నల్లగొండలో, రామగిరిలో ఉండే ఒక రిటైర్డ్ సారుది. 2015 వ్యాగనార్, పెట్రోల్, టీఎస్ 05 నంబరు, ఫస్ట్ ఓనర్. చూపుకు సాదాసీదా బండి, ముందు బంపర్ మీద గీతలు. మూడు లక్షల ఇరవై వేలు అడిగాడు. పొద్దున మేం వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పాం, ఎందుకంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఒక్క తాళానికే అందుకుంది. నీలిపొగ లేదు, ఆయిల్ మూత లోపల పాలు కలిసినట్టు తెల్లటి జిగురు లేదు. సర్వీసు పుస్తకంలో ఏటేటా కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ 52 వేల దగ్గర ఆగాయి, అంటే మీటర్ వెనక్కి తిప్పలేదు.

నెలకు ఆరేడు వందల కిలోమీటర్లు తిరిగే మాకు డీజిల్ మైలేజీతో మిగిలేదెంత? ఇంజెక్టరో టర్బోనో ఒక్కసారి పోతే ఆ మిగులంతా పోతుంది. ఈ చిన్న పెట్రోల్ ఇంజిన్‌ను దేవరకొండలో ఏ షెడ్డుకు తోలినా చేస్తారు, సామాను కూడా దొరుకుతుంది. నాకు భరోసా అంటే అదే.

బేరం టైర్ల దగ్గర కుదిరింది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి: 3419 అంటే 2019లో 34వ వారం తయారైందని. గాడి ఇంకా ఉంది, కానీ రబ్బరు సన్నగా పగిలింది. "సర్వీసింగ్ నేనెన్నడు తప్పియ్యలే, రేటు తగ్గియ్య" అన్న సారు ఆ పగుళ్లు చూశాక మూడు లక్షల ఐదు వేలకు ఒప్పుకున్నాడు.

డబ్బు మొత్తం ఇచ్చే ముందు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి చూస్తే ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంది. అప్పు ఎప్పుడో తీరింది, ఆర్సీ మీంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 మాత్రం పెట్టలేదు. బ్యాంకు అప్పట్లో ఇచ్చిన పాత ఎన్‌ఓసీ చెల్లదన్నారు. సారే బ్యాంకుకు వెళ్లి కొత్తది తెచ్చి, ఫారం 35 మీద ముద్ర వేయించాడు. అది అయ్యాకే బండి నా పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. పెండింగ్ చలాన్లు ఆయనే కట్టాడు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఆలస్యమైతే బండికి దెబ్బ తగిలినా క్లెయిమ్ రావడం కష్టం. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకు రాదు, కాబట్టి ఆ తేడా మేం కట్టాం.

నాలుగు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ తేడా, ఆర్టీఏ ఫీజులు కలిపి మొత్తం మూడు లక్షల ముప్పై ఆరు వేలయింది. ఆర్సీ నా పేరు మీద పోస్టులో వచ్చింది. మిగిలిన పద్నాలుగు వేలు ముట్టుకోలేదు. ముందు చక్రాల దగ్గర బుష్‌లు ఇంకో ఆర్నెల్లు వస్తాయని మెకానిక్ అన్న చెప్పాడు, అవి మార్చడానికే ఆ డబ్బు పక్కన పెట్టాను.