ఎనిమిది అంకె ముడి

నిన్నటి గాలివానకు మా బ్రాడీపేట డాబా మీద టమాటా మొక్క ఒకటి కుండీతో సహా ఒరిగిపోయింది. తప్పు నాదే. ఆరడుగులు దాటి ఎదిగే రకానికి, పొట్టి రకానికి సరిపోయే పుల్ల గుచ్చాను. అదీ నాటిన నెలన్నరకు! ఆలస్యంగా కర్ర దింపితే వేళ్లు తెగుతాయని తెలిసి కూడా.

ఈ రోజు వెదురు కర్రలు తెచ్చి పిట్టగోడ కమ్మీకి బిగించాను. అమ్మ పాత నూలు చీర చించి, ఆ పేలికలను కర్రకూ కాండానికీ మధ్య ఎనిమిది అంకెలా మెలితిప్పి, వేలు దూరేంత వదులుగా కట్టాను. పురికొస వద్దంది అమ్మ. కాండం లావెక్కేకొద్దీ కోసుకుపోతుందట. నిరుటి మొక్క మెడ మీది గాటు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

విరిగిన కొమ్మను పారేయలేదు. తడి మట్టి తగిలితే టమాటా కాండం వేళ్లు వేస్తుంది కదా, వేరే కుండీలో గుచ్చాను. రాలిన పచ్చికాయలు నాలుగూ రోటి పచ్చడికి వెళ్లాయి.