ప్లాస్టరింగ్ మేస్త్రీ పడిన రోజు నుంచి లేబర్ ఆఫీసు దాకా

2022 ఏప్రిల్‌లో హన్మకొండ గోపాల్‌పూర్‌లో మా ఇంటి మీద మొదటి అంతస్తు వేయిస్తున్నాం. గోడలు, స్లాబు పని చదరపు అడుగు లెక్కన ఒక మేస్త్రీకి గుత్తకిచ్చాను. ఆయన ఇంకో పని ఒప్పుకుని బయటి ప్లాస్టరింగ్‌ను నాన్చుతుంటే, వానలకు ముందే అయిపోవాలని నేనే కూలీలు పనికోసం నిలబడే అడ్డా మీదికి వెళ్లి ఒక ప్లాస్టరింగ్ మేస్త్రీని, ఇద్దరు కూలీలను మాట్లాడి తెచ్చాను. ఆయనకు రోజుకు 900. సాయంత్రం నా చేత్తోనే ఇచ్చేవాణ్ని.

మూడో రోజు మధ్యాహ్నం పరంజా కర్ర జారి, పై కిటికీ ఎత్తు నుంచి కింద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆటోలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెట్ల మీద జారాడని చెబితే ఏ గొడవా ఉండదని పక్కనున్నవాళ్లు చెవిలో చెప్పారు. నేను ఉన్నదున్నట్టే చెప్పాను. ఆసుపత్రివాళ్లు ఎమ్మెల్సీ (ఇలాంటి గాయాలను పోలీసులకు తెలిపే కాగితం) రాశారు, పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. ఆ రాత్రంతా నాకు టెన్షన్. కానీ ప్రమాదం పనిలోనే జరిగిందనడానికి తర్వాత అదే కాగితం ఆధారమైంది. వాళ్లకు ఆహార భద్రత కార్డు ఉండటంతో కాలికి రాడ్ వేసే ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగింది. మందులకు, ఫిజియోథెరపీకి, రానుపోను ఖర్చులకు నేనిచ్చాను.

వార్డు బయట ఆయన భార్య అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "అన్నా, ఆయన లేవకపోతే మేం ఎట్ల బతకాలె?"

బ్యాంకు లోనుతో పాటు తీసుకున్న భారత్ గృహ రక్ష పాలసీ ఉంది కదా అని అనుకున్నాను. ఏజెంటు కాగితాలు తిప్పి చూపించాడు. అది అగ్ని ప్రమాదం, తుపాను, వరద లాంటి వాటి నుంచి ఇంటికి రక్షణ. ఇంట్లో పని చేస్తూ పడిపోయిన మనిషికి కాదు. దానికి ఉద్యోగుల పరిహార పాలసీ అని వేరే ఉంటుంది. ప్రమాదం జరిగాక తీసుకుంటే పాత ప్రమాదానికి వర్తించదు.

ఈలోగా పెద్దమనుషులు కూర్చున్నారు. కొంత డబ్బిచ్చి, "ఇక నాకు ఏ హక్కూ లేదు" అని వేలిముద్ర వేయించుకుంటే చాలన్నారు. నేను ఒక వకీలు దగ్గరికి పోయాను, మంచిపని చేశాను. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించిన ఒప్పందం చెల్లదని ఆయన చెప్పారు. పడిన మనిషి గుత్త మేస్త్రీ తెచ్చిన కూలీ అయితే యజమాని ఆ మేస్త్రీయే అయ్యేవాడు. సొంతిల్లు కట్టుకునే మనిషికి అది వ్యాపారం కాదు కాబట్టి, గుత్తకిచ్చిన పనిలో, పని గుత్తకిచ్చినవాడి మీద కూడా పరిహారం బాధ్యత పెట్టే 12వ సెక్షన్ సాధారణంగా అతని మీదికి రాదు. కానీ అడ్డా నుంచి తెచ్చిందీ, కూలి ఇచ్చిందీ నేనే. "సార్, ఇక్కడ యజమాని మీరే," అన్నారు.

లెక్క కూడా ఆయనే వేసి చూపించారు. నెల జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునేది 15,000 వరకే. పని చేయలేని కాలానికి పదిహేను రోజులకోసారి అందులో 25 శాతం, అంటే 3,750. ఆరు నెలలకు 45,000. తర్వాత కాలు పూర్తిగా కుదురుకోలేదు. సంపాదించే శక్తిలో పది శాతం తగ్గిందని డాక్టరు రాసిచ్చారు. నలభై ఏళ్ల వయసుకు చట్టంలో ఇచ్చిన గుణకం 184.17. 15,000లో 60 శాతం 9,000; దాన్ని గుణిస్తే 16,57,530; అందులో పదో వంతు 1,65,753. నెల దాటి ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ముందే ఇచ్చిన 45,000 ఇందులోంచి తీసేసుకునే వీలుందని వకీలు అన్నారు. ఆ ఆరు నెలలు ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ డబ్బుతోనే. నాకు తీయాలనిపించలేదు.

చిట్టీ ఎత్తి డబ్బు సర్దాను. మా ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందాన్ని లేబర్ ఆఫీసులో కమిషనర్ ముందు రిజిస్టర్ చేయించాం. అధికారి ఆయన్ని విడిగా పిలిచి, మొత్తం అర్థమైందా, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. పెద్దమనుషుల పంచాయితీలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకది చాలా నచ్చింది.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఆయనకు లేదు. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే నమోదు చేసుకోవచ్చు. ఆయనకూ, ఆ ఇద్దరు కూలీలకూ మీసేవలో దగ్గరుండి చేయించాను.

మాది పాత చట్టం కింద నడిచిన కేసు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, ఇప్పుడు ఎవరైనా దాని ప్రకారమే అడిగి తెలుసుకోవాలి.

పిట్టగోడ, రంగుల పని మిగిలిపోయింది. ఈసారి ముందు పరిహార పాలసీ తీసుకున్నాను. ఎంతమంది, ఏ పని, మొత్తం కూలి ఎంత అవుతుందో రాసిచ్చాను. గుత్త మేస్త్రీ తెచ్చే మనుషులను కూడా అందులో చేర్పించాను, వైద్య ఖర్చుల కవరు విడిగా అడిగి పెట్టించాను. రంగులేసేవాళ్లు సోమవారం నుంచే వస్తామన్నారు. పాలసీ కాగితం బుధవారం చేతికొచ్చింది. గురువారం పరంజా కట్టించాను.