నీట్ పీజీ రెండో అటెంప్ట్: నాకు దారి చూపిన మలేరియా కేసు

నిన్న నీట్ పీజీ (డాక్టర్లకు పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) రిజల్ట్స్ వచ్చాయి. ఈసారి జనరల్ మెడిసిన్ సీటు వచ్చే ర్యాంకే. ఫోన్‌లో చెప్పగానే అమ్మ ఏడ్చేసింది. ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

మొదటి అటెంప్ట్‌లో చదవక పోలేదు. సివియర్ మలేరియాను గుర్తుపట్టే పట్టిక నోటికి వచ్చేది: షుగర్ 40 కన్నా తక్కువ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3 పైన, స్పృహను కొలిచే జీసీఎస్ స్కోరు 11 కన్నా తక్కువ. అదే కేసుగా తిప్పి అడిగితే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మెడిసిన్‌లోనే బోలెడు నెగటివ్ మార్కులు.

తర్వాత పాడేరు ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్‌గా చేరాను. వానాకాలం. రోడ్డు పనికి మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కూలీని డోలీలో మోసుకొచ్చారు. నాలుగు రోజులుగా జ్వరం, పొద్దుట్నుంచి మూడుసార్లు ఫిట్స్, పిలిస్తే పలకడం లేదు. ర్యాపిడ్ టెస్ట్‌లో ఫాల్సిపారం (ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా పరాన్నజీవి) పాజిటివ్. రక్తపు చుక్కను స్లైడ్‌లో చూస్తే రింగుల్లా కనిపించే పరాన్నజీవులు కొన్నే. ఇంత తక్కువ ఉంటే కోమా ఎందుకు వస్తుందని ఆలోచనలో పడ్డాను. ఈలోగా సిస్టర్ వేలు గుచ్చి గ్లూకోమీటర్ నా ముందు పెట్టింది. "సార్, షుగర్ 34." వెంటనే 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాం. మలేరియా మందు ఆర్టిసునేట్ కిలోకు 2.4 మి.గ్రా. చొప్పున ఇచ్చి 108లో పంపించాం.

ఆ రాత్రి నిద్ర పట్టక పుస్తకం తీశాను. ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు వాటి పైన ఉండే పీఎఫ్‌ఈఎంపీ1 అనే పరాన్నజీవి ప్రోటీన్ వల్ల సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. మెదడులో, కిడ్నీలో ఇరుక్కుపోయినవి వేలి చుక్కలోకి రావు, అందుకే స్లైడ్‌లో కొన్నే కనిపించాయి. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక కోమా, లాక్టిక్ ఆసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) వాటంతటవే గుర్తుండిపోయాయి. డోలీ మోసినవాళ్లకు చిన్నప్పటి నుంచి జ్వరాలు వచ్చి వచ్చి కొంత రక్షణ ఏర్పడి ఉంటుంది. మైదానం నుంచి వచ్చినవాడికి అది లేదు. కేసులో ప్రయాణం గురించి ఒక వాక్యం ఉంటే దాన్ని దాటి పోకండి. ఇక పాత మలేరియా మందు క్వినైన్ ఇన్సులిన్‌ను పెంచి షుగర్ ఇంకా పడేస్తుంది. ఈ రెండు మందులనూ పోల్చి 2005లో వచ్చిన సీక్వామాట్ ట్రయల్‌లో క్వినైన్ తీసుకున్నవాళ్లలో 22 శాతం, ఆర్టిసునేట్ తీసుకున్నవాళ్లలో 15 శాతం చనిపోయారు. కారణం తెలిశాక ఆ అంకెలు మళ్లీ మర్చిపోలేదు.

మిగతా సబ్జెక్టులు అందరిలాగే: రోజుకు 50 ప్రశ్నలు, మూడు రివిజన్లు, ఆదివారం గ్రాండ్ టెస్ట్.

ఏజెన్సీలో ఏడాది వృథా చేసుకున్నావని మావాళ్లే అన్నారు. వృథా కాలేదు. ఓపీ, డ్యూటీ ఎంత ఉన్నా రాత్రి తొమ్మిదికి పుస్తకం ముందు కూర్చున్నాను. మూడ్ లేదు, టైమ్ లేదు అనే మాట ఆస్పిరెంట్ నోట రాకూడదు. కరెంటు పోతే టార్చి వెలుగులో చదివాను.

ఆ కూలీ నాలుగు వారాలకు నడుచుకుంటూ ఓపీకి వచ్చాడు. ఆర్టిసునేట్ తర్వాత ఆలస్యంగా హీమోలిసిస్ (ఎర్రకణాలు పగిలిపోవడం) రావచ్చని అప్పటికి చదివి ఉన్నాను కాబట్టి ముందు హిమోగ్లోబిన్ చేయించాను. 11 ఉంది, భయం లేదు.