తడి తగిలిన తేనె

"రెండు రెండుగా కనిపిస్తోందా?" అని డాక్టర్ అడిగితే నాకు ముందు అర్థం కాలేదు. తెల్లవారుజాము నుంచి ఎనిమిది సార్లు వాంతి అయింది. విరేచనాలకు లెక్కే లేదు. జ్వరం 101. నేను కడుపు గురించి చెబుతుంటే ఆవిడ నా కళ్లవైపు చూస్తున్నారు. రెప్పలు పూర్తిగా పైకెత్తమన్నారు. వేలు అటూ ఇటూ కదిపి దాన్నే చూడమన్నారు. నవ్వమన్నారు, గుక్కెడు నీళ్లు మింగమన్నారు, రెండు చేతులూ ముందుకు చాపి కాసేపు అలాగే ఉంచమన్నారు.

ఇదంతా మా ఆయన చెప్పిన ఒక్క మాట వల్ల. రెండు రోజుల్లో ఏమేం తిన్నారని నర్సు అడిగితే, అన్నీ చెప్పి చివర్లో "ఇంట్లో చేసిన మిరపకాయల తేనె కూడా" అన్నారు.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఇక్కడ పిజ్జా మీద, వేయించిన చికెన్ మీద హాట్ హనీ, అంటే మిరపకాయల కారం దిగిన తేనె, పోసుకు తింటారు. 2010 ప్రాంతంలో బ్రూక్లిన్‌లో ఒక పిజ్జా షాపులో వేడి వేడి పిజ్జా మీద పోసి ఇవ్వడంతో దీనికి పేరొచ్చింది. బెల్లం ఆవకాయ తిని పెరిగినదాన్ని, కారంలో తీపి నాకు కొత్త కాదు. మొదటిసారి తిన్నప్పుడే ఇది మన రుచే అనిపించింది. సెప్టెంబర్ చివర్లో ఫార్మర్స్ మార్కెట్‌లో నిగనిగలాడే పండుమిరపకాయలు కనిపించాయి. కొనుక్కొచ్చి, కడిగి, చక్రాల్లా తరిగి, గాజు సీసాలో సగానికి నింపాను. నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, పైదాకా తేనె పోసి, కిచెన్‌లో గట్టు మీద పెట్టాను.

రెండో వారానికి తేనె నీళ్లలా పల్చబడింది. పైన బుడగలు లేచాయి. మూత తిప్పితే సోడాబుడ్డిలా బుస్సుమంది. పులిసిన వాసన కూడా వచ్చింది. నేను భయపడలేదు, ఊరుతోందనుకున్నాను. తేనె ఎన్నేళ్లున్నా చెడదని చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. మూడో వారంలో ఒక ఆదివారం రాత్రి పిజ్జా మీద, సోమవారం దోసెల్లోకి కలిపి నాలుగైదు చెంచాలు తిన్నాను. అమ్మ వేలితో కొంచెం నాకి "బాగానే ఉంది" అంది. మంగళవారం తెల్లవారుజామున మొదలైంది.

డాక్టర్ భయపడింది బొట్యులిజం గురించి. ఆ పేరు నేను వినడం అదే మొదలు. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా గింజల్లాంటి రూపంలో ఏళ్ల తరబడి నిద్రపోతుందట. గాలి ఆడని చోట, పులుపు తక్కువైన చోట, తగినంత తడి దొరికితే మేలుకుని విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాలకూ కండరాలకూ మధ్య కబురు తెగ్గొడుతుంది. ముందు చూపు మసకబారి, రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా మారి, మింగుడు పడక, ఆ చచ్చుదనం పైనుంచి కిందికి దిగి ఊపిరి దాకా వెళుతుంది. సాధారణంగా తిన్న 12 నుంచి 36 గంటల్లో మొదలవుతుంది గానీ, కొన్నిసార్లు రోజులు కూడా పడుతుంది. విరుగుడు మందు ఉంది. కానీ అది ఇంకా నరాలకు పట్టని విషాన్నే ఆపుతుంది, జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పదు. అందుకే అంత త్వరగా కళ్లు చూశారు.

నాకవేవీ లేవు. పైగా బొట్యులిజంలో మామూలుగా జ్వరం రాదు, నాకు వచ్చింది. "ఇది అది కాదనే అనుకుంటున్నాను, కానీ రాత్రికి ఇక్కడే ఉండండి" అని సెలైన్ పెట్టించారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకు మాత్రం నా చేతులు చల్లబడ్డాయి. "ఇంట్లో పసిపిల్లలున్నారా? వాళ్లకు తేనె ఏమైనా పెట్టారా?"

మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. లేదు అనబోయాను. ఫోన్‌లో అమ్మను అడిగితే కాసేపు పలకలేదు. తెనాలి నుంచి వచ్చేటప్పుడు వసకొమ్ము తెచ్చుకుందట. మాటలు త్వరగా వస్తాయని, అరగదీసి తేనెలో రంగరించి రెండుసార్లు పాప నాలుకకు రాసిందట. నా మిరపకాయల సీసాలోది కాదు, షాపులో కొన్న మామూలు తేనె. "మా అమ్మ నీకూ పెట్టిందే" అంది, గొంతు వణుకుతూ.

మామూలు తేనె అయినా పసిపిల్లలకు పెట్టకూడదని అప్పుడు తెలిసింది. తేనెలో ఆ గింజలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా కాపలా కాసి మామూలుగా వాటిని మొలకెత్తనివ్వదు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం ఆ కాపలా ఇంకా తయారవదు, అవి అక్కడే మొలకెత్తి అక్కడే విషం పుట్టించగలవు. పసిపిల్లల్లో ఈ జబ్బును అమెరికాలో 1976లో గుర్తించారు. మామూలుగా వేడి చేసినా, రొట్టెలో కలిపినా ఆ గింజలు చావవు. అందుకే ఏడాది లోపు ఒక్క చుక్క కూడా వద్దంటారు. రోజూ ఇంత తేనె నాకించి పెంచిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి, ఎక్కువమందికి ఏమీ కాదు కూడా. ఆ కొద్దిమందిలో మన బిడ్డ ఉండదని ఎవరు చెప్పగలరు?

పిల్లల డాక్టర్ పాపను చూసి బాగుందన్నారు గానీ, తేనె నాకించిన రోజు నుంచి నెల దాకా గమనించమన్నారు. మలబద్ధకం వస్తుందా, ఏడుపు బలహీనంగా ఉందా, పాలు సరిగ్గా తాగుతోందా, మెడ వాలిపోతోందా అని. ఆ రోజుల్ని నేను ఇప్పటికీ మర్చిపోలేను. మామూలుగా పాప ఏడిస్తే ఎత్తుకుని ఊరుకోబెట్టేదాన్ని. అప్పుడు మాత్రం గట్టిగా ఏడిస్తే ప్రాణం లేచొచ్చేది. డైపర్ మార్చిన ప్రతిసారీ అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

నేను మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. మలపరీక్షలో మామూలుగా వెతికే బ్యాక్టీరియా ఏదీ దొరకలేదు. వైరస్ కావచ్చు, ఆ సీసా కావచ్చు, అంత తేనె ఒకేసారి తినడమూ తోడై ఉండొచ్చు అన్నారు. తేనెలోని ఫ్రక్టోజ్ అనే చక్కెర కొందరికి విరేచనాలు తెస్తుందట. నాకి చూసిన అమ్మకు ఏమీ కాలేదు కాబట్టి, సీసా వల్లే అని నేను కచ్చితంగా అనలేను. వారం పాటు గంజి, మజ్జిగన్నం, ఓఆర్‌ఎస్. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఒళ్లంతా ఎండిపోయి పాలు తగ్గాయి, పాప అర్ధరాత్రి ఆకలికి లేచి వెతుక్కునేది. కొన్నాళ్లు డబ్బా పాలు కలిపాం. గంటగంటకూ పంపు పెట్టుకుని, నీళ్లు తాగుతూ ఉంటే పది రోజులకు పాలు మళ్లీ పడ్డాయి. కారం మాత్రం నెల దాటేదాకా ముట్టలేకపోయాను. చిటికెడు మిరియం కూడా కడుపులో మండేది.

సీసాను మా ఆయన మూత తియ్యకుండా రెండు కవర్లలో చుట్టి, టేపు వేసి చెత్తలో పడేశారు. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏమీ ఉండవు. అందుకే రుచి చూసి తేల్చుకుందామనుకోకూడదు.

కాస్త కోలుకున్నాక కూర్చుని చదివాను. తేనెలో నీరు సుమారు 17, 18 శాతమే. ఉన్న ఆ కొంచెం నీటినీ చక్కెర గట్టిగా పట్టుకుని ఉంటుంది, అందుకే అందులో ఏ సూక్ష్మజీవీ పెరగదు. పండుమిరపకాయలో దాదాపు 88 శాతం నీరే. తేనె ఆ నీటిని లాగేసుకుంటుంది, అందుకే పల్చబడింది. నీరు 20 శాతం దాటితే తేనెలో ఈస్టు లేచి పులుస్తుంది, ఆ బుడగలు అవే. బాగా పల్చబడేకొద్దీ తేనె తన కాపుదలను పోగొట్టుకుంటుంది. తేనె పులుపును కూడా పచ్చి కాయలు తగ్గిస్తాయి. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు తగ్గేకొద్దీ అది పెరుగుతుంది; 4.6 కన్నా పైకి వెళ్తే ఆ బ్యాక్టీరియాకు పులుపు అడ్డు ఉండదు. వెల్లుల్లి మట్టిలో పెరిగేది, పులుపు లేనిది, దాన్ని అలా వెయ్యడం ఇంకా తప్పు.

ఇది అమ్మకు చదివి వినిపిస్తే ఒక్క క్షణం ఆగి, "ఆవకాయ మామిడికాయ ముక్కని ఎన్నిసార్లు తుడుస్తామే?" అంది. నిజం. జాడీ ఎండలో పెడతాం, కాయ గుడ్డతో తుడిచి తుడిచి కొడతాం, తడి గరిటె ముట్టనివ్వం. అంత ఉప్పూ పులుపూ ఉన్న పచ్చడికే అంత జాగ్రత్త పడతాం. నేనేమో కడిగిన కాయల్ని ఆరనైనా ఆరనివ్వకుండా తేనెలో ముంచాను.

డిసెంబర్‌లో అమ్మే మళ్లీ చేద్దామంది. గుంటూరు ఎండుమిరపకాయలు తొడిమలు తీసి, విరిచి, పొడి మూకుడులో కాసేపు వేడి చేసింది. తేనెను సన్న సెగ మీద పెట్టి అవి వేసి, పది నిమిషాలుంచి, వడకట్టి ముక్కలన్నీ తీసేశాం. పొయ్యి మీద వేడికి ఆ గింజలు చావవు, వాటికి ప్రెషర్‌తో 121 డిగ్రీల సెల్సియస్ కావాలి. మమ్మల్ని కాపాడేది పొడిదనమే. చిన్న సీసాలో, ఒక నెలకు సరిపడా మాత్రమే. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది, గోరువెచ్చని నీళ్లలో ఉంచితే మళ్లీ కరుగుతుంది. పచ్చి కాయతోనే కావాలనుకున్న రోజు అప్పటికప్పుడు కలుపుకుని, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో ముగిస్తాను. పల్చబడినా, బుడగ లేచినా పారబోస్తాను. సీసా మీద టేపు అంటించి అమ్మ తెలుగులో తారీఖు రాసింది, కింద "పాపకు కాదు" అని.

జనవరిలో అమ్మ తెనాలి వెళ్లిపోయింది. ఫిబ్రవరిలో పాపకు ఏడాది నిండింది. పిల్లల డాక్టర్‌ను అడిగి, ఇక పెట్టొచ్చన్నాక, వీడియో కాల్‌లో అమ్మ చూస్తుండగా మామూలు తేనె ఒక చుక్క పాప నాలుకకు రాశాను. పాప చప్పరించి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. అవతల అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.