చెరువు బాగైందని ఎట్ల చెప్తం?

మొన్న నర్సంపేట దిక్కు మా ఊరికి పోయి పొద్దుగాల్నే చెరువుకట్ట మీద కూసున్న, గంటసేపు చూస్తే ఆరు కొంగలు, రెండు బుడుబుంగలు, అంతే. నా చిన్నప్పుడైతే శిఖంల, అంటే చెరువు లోపలి భూమిల, తుమ్మచెట్లు తెల్లగ కనబడేటియి, అన్ని కొంగ గూళ్లుండె.

చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ 2015ల షురువైంది కదా, అందుల మా చెరువు గూడ తోడిన్రు. లాభం కాలేదని నేనన. బాపు పత్తిచేన్ల పది ట్రాక్టర్ల నల్లమట్టి కొట్టించిండు, బాయిల నీళ్లు ఎండకాలం దాక ఉంటున్నయ్. కానీ తోడుడు ఎట్ల తోడిన్రంటే అంచులు నిటారుగ, గోలెం లెక్క చేసిన్రు, కొంగ నిలవడాలంటే మోకాలులోతు కంటే తక్కువ నీళ్లే గావాలె, కొర్రమట్ట గుడ్లు పెట్టాలన్నా ఒడ్డుపొంట గడ్డి, తుంగ ఉండాలె, ఆ జాగనే పోయింది, తుమ్మలు గూడ కొట్టేసిన్రు. బతుకమ్మలేసేకాడ అక్కలు దిగుడుకే భయపడ్తున్నరు ఇప్పుడు.

లెక్కలడిగితే ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీసిన్రో చెప్తరు. సర్కారు మొక్కలు నాటిన హరితహారం గూడ గట్లనే, 2018 పంచాయతీరాజ్ చట్టంల నాటిన మొక్కల్ల 85 శాతం బతకాలని పెట్టిన్రు, మంచిదే, కానీ సచ్చినకాడ ఇంకోటి పెడితే గూడ లెక్క సరిపోతది. కోనోకార్పస్ చెట్టునే చూడున్రి, ఏపుగ బతికింది, మార్కులన్నీ దానికే, తర్వాత సర్కారే దాన్ని పెట్టొద్దన్నది. బతికినయ్ సరే, దాని మీద ఎన్ని పిట్టలు వాలినయో ఎవలన్న లెక్కవెట్టిన్రా?

ఆరు కొంగలే ఉన్నయని తప్పంత పూడికతీత మీద ఏస్తే గూడ తప్పే. ఈ ఏడు వానలెట్లున్నయో, వేరేకాడ నీళ్లుంటే అటు పోయినయేమో. అందుకే పక్కూర్ల పూడిక తియ్యని కుంట ఒకటుంటే అక్కడ గూడ కూసొని రాస్తున్న, రెండుకాడ తక్కువుంటే పూడికతీతది కాదు దోషం. కార్తీకం సంది నెలకో ఆదివారం, అదే టైంకు. బాపైతే కొంగల లెక్కకు జీతమెవలిస్తర్రా అని నవ్వుతుండు.

అసలు కష్టమేందంటే తోడకముందు ఎట్లుండెనో రాసినోడు ఒక్కడు లేడు. మా చిన్నమ్మ పాత ఆల్బంల ఒక బతుకమ్మ ఫోటో దొరికింది, ఎనకాల ఒడ్డు ఎంత ఏటవాలుగుందో, తుమ్మలెన్నో సక్కగ కనబడ్తున్నయ్. మీ ఇండ్లల్ల గూడ 2015 కంటే ముందటి గసువంటి ఫోటోలు ఉంటే పంపున్రి, మనుషులు మసకగున్నా పర్వాలేదు, ఎనకాల చెరువు కనబడితే సాలు.